శరత్కాలంలో చిన్న ఉల్లి: రాయపూర్ పెరటికి ఒక పాఠం

దసరా దాటాక రాయపూర్‌లో పెరటి నేల ఆరడం మొదలవుతుంది. అక్టోబరు మధ్యకల్లా నైరుతి రుతుపవనాలు ఛత్తీస్‌గఢ్ మైదానాన్ని వదిలి వెళ్తాయి. పొలాల్లో వరి ఇంకా కోతకు రాదు గానీ, ఇంటి వెనక బెండ, బీర అయిపోయి మళ్లు ఖాళీ అవుతాయి. ఇంటిని ఆనుకుని ఉండే ఈ కూరగాయల జాగాను ఇక్కడ 'బాడీ' అంటారు. పాలకూర, మెంతి, ముల్లంగి వేయడం అందరికీ అలవాటే. ఈ పాఠం అంతగా అలవాటు లేని పంట గురించి: సాంబారులో వేసుకునే చిన్న ఉల్లి.

విజయనగరం రైలు మార్గం వెంట వచ్చి రాయపూర్, భిలాయ్‌లలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు తక్కువేమీ కావు. వేసవిలో చద్దన్నంలోకి ఉల్లిపాయ కొరుక్కోవడం మనకు ఎంత అలవాటో, ఛత్తీస్‌గఢ్ ఇళ్లలో 'బోరే బాసి'తో ఉల్లి నంజుకోవడం అంతే అలవాటు. అదీ రాత్రి నీళ్లలో నానేసిన అన్నమే. అందుచేత ఉల్లికి ఇక్కడ ఆదరణ లేక కాదు, చిన్న ఉల్లి పెరటి పంటగా కుదురుకోక. సరదాపడి నాటినవారికి తరచు ఎదురయ్యే అనుభవాలు రెండు. ఒకటి, నాటిన గడ్డలు మొలకెత్తకుండానే కుళ్లిపోవడం. రెండోది, ఆకులు ఏపుగా పెరిగినా అడుగున గడ్డ ఊరకపోవడం. రెండింటికీ హస్తవాసిని తప్పుపట్టే పని లేదు. మొదటిది నేలకూ నీటికీ సంబంధించింది. రెండోది పగటి నిడివికి సంబంధించింది, ఎక్కువ వివరణ కావలసిందీ అదే.

ఏది చిన్న ఉల్లి?

పేరు దగ్గరే చిక్కుంది. కోస్తాలో కొన్ని చోట్ల 'చిన్నుల్లి' అంటే వెల్లుల్లి. రాయలసీమలో మామూలు ఉల్లిని ఎర్రగడ్డ అంటే, తెలంగాణలో ఉల్లిగడ్డ అంటారు. ఛత్తీస్‌గఢీలో ఉల్లి పేరు 'గోందలీ'. రాయపూర్ బజారులో 'ఛోటా ప్యాజ్' అని అడిగితే, పెద్ద ఉల్లి కుప్పలోంచి ఎదగని పిల్లగడ్డల్ని ఏరి ఇచ్చినా ఇవ్వొచ్చు. వంటకు అవి పనికొస్తాయి. నాటడానికి మాత్రం కాదు. పెద్ద ఉల్లి పిల్లగడ్డను నాటితే ఒక గడ్డో, లేకపోతే పూకాడో వస్తుంది. చిన్న ఉల్లిని నాటితే నాలుగు నుంచి ఎనిమిది గడ్డల గుత్తి వస్తుంది.

తేడా పట్టుకోవడానికి కత్తి చాలు. గడ్డను అడ్డంగా సగానికి కోయండి. మామూలు ఉల్లిలో వలయాలన్నీ ఒకే కేంద్రం చుట్టూ ఉంటాయి. చిన్న ఉల్లిలో రెండు, మూడు కేంద్రాలు కనిపిస్తాయి. వాటి చుట్టూ విడివిడి వలయాలుంటాయి, అన్నిటినీ కలిపి బయటి పొరలు చుట్టి ఉంటాయి. కొన్ని పెద్ద ఉల్లి రకాల్లోనూ జంట కేంద్రాలు వస్తాయి కనుక ఒక్కటి కోసి తేల్చకుండా నాలుగైదు కోసి చూడాలి. గుత్తిలో పెరిగిన గడ్డకు ఒక పక్క కాస్త చదునుగా ఉండడం ఇంకో గుర్తు. పక్క గడ్డకు ఒత్తుకుని పెరగడం వల్ల అలా అవుతుంది.

శాస్త్రజ్ఞులు ఒకప్పుడు దీన్ని వేరే జాతిగా లెక్కించి అల్లియం ఆస్కలోనికం అన్నారు. మధ్యధరా తీరంలోని ఆష్కెలాన్ రేవు పేరు మీదుగా వచ్చిన పేరది. కానీ చిన్న ఉల్లికీ పెద్ద ఉల్లికీ కణంలో ఉండే క్రోమోజోములు 16. రెండిటినీ సంకరం చేస్తే మొలకెత్తే గింజలు వస్తాయి. అందుకే ఇప్పుడు రెండూ ఒకే జాతి, అల్లియం సెపా. గుత్తులుగా పెరిగేవాటిని అందులో 'అగ్రిగేటం' అనే వర్గంగా చూస్తున్నారు.

గడ్డ లోపల ఏముంది?

ఉల్లిగడ్డ వేరు కాదు, దుంప కూడా కాదు. వృక్షశాస్త్రంలో దీన్ని లశునం అంటారు. వేళ్లు పుట్టే చోట చదునుగా, బిళ్ల లాగా గట్టిగా ఉండే భాగమే దీని కాండం. మనం తినే పొరలన్నీ ఆకుల మొదళ్లు. ప్రతి ఆకు మొదట్లో, కాండానికి అంటుకునే చోట, ఒక పక్క మొగ్గ ఉంటుంది. పెద్ద ఉల్లిలో మధ్యనున్న కొన మొగ్గ ఈ పక్క మొగ్గలను అణచి ఉంచుతుంది. చిన్న ఉల్లిలో ఆ అదుపు సడలి ఉంటుంది. పక్క మొగ్గలు త్వరగా మేలుకొని, ప్రతిదీ సొంత ఆకులు వేసి, చివరికి సొంత గడ్డ అవుతుంది.

పెరట్లో దీనికి నేరుగా ఒక ఉపయోగం ఉంది. పెద్ద విత్తన గడ్డలో మొగ్గలు ఎక్కువ కనుక గుత్తిలో గడ్డల సంఖ్య ఎక్కువ, పరిమాణం చిన్న. చిన్న విత్తన గడ్డలో మొగ్గలు తక్కువ, వచ్చేవి కాస్త పెద్దవి. అందుకని విత్తనానికి మరీ లావువి ఏరడం లాభం కాదు. ఒకటిన్నర సెంటీమీటరు అడ్డుకొలత ఉన్న మధ్యరకం గడ్డలు సరిపోతాయి.

పగటి నిడివి లెక్క

ఇంగ్లండులో తోటమాలుల మధ్య పాత ఆనవాయితీ ఒకటుంది: ఏడాదిలో అతి చిన్న పగటి రోజున చిన్న ఉల్లి నాటాలి, అతి పెద్ద పగటి రోజున తవ్వాలి. శరత్కాలంలోనే నాటి, చలికాలమంతా నేలలో ఉంచి, ఎండాకాలంలో తీసేవాళ్లూ ఉన్నారు. తోటపని పుస్తకాల్లో, వీడియోల్లో కనిపించే సలహాల్లో చాలావరకు ఈ లెక్క మీదే నడుస్తాయి. రాయపూర్‌లో దీన్ని ఉన్నదున్నట్టు పాటిస్తే డిసెంబరు 21న నాటి జూన్ 21న తవ్వాలి. అంటే మే నెల 42 డిగ్రీల ఎండను పంట దాటాలి, తవ్వే వేళకు తొలకరి వాన నెత్తిన ఉంటుంది. ఆ క్యాలెండరు ఇక్కడికి ఎందుకు నప్పదో తెలిస్తే ఇక్కడికి నప్పేది మనమే తయారు చేసుకోవచ్చు.

మొక్కలు పగలు, రాత్రి నిడివిని కొలుచుకుంటాయని 1920లో అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన గార్నర్, అలార్డ్ పొగాకు, సోయాచిక్కుడు వంటి పంటల మీద చేసిన ప్రయోగాలతో చూపారు. దీన్నే కాంతికాలావధి అంటున్నాం. పూతకు సంబంధించిన విషయంగా దీన్ని బడిలో చదువుకుంటాం. ఉల్లిలో గడ్డ ఊరడానికీ సంకేతం ఇదే. పగలు ఒక హద్దు దాటి పెరిగితే ఆకులు ఆ సంగతి పసిగట్టి కింది మొగ్గకు కబురు పంపుతాయి. అప్పుడు కొత్త ఆకులు పైకి సాగడం మానేస్తాయి, మొదళ్లు ఉబ్బడం మొదలవుతుంది. ఆ కబురు మోసుకెళ్లేది ఎఫ్‌టీ కుటుంబానికి చెందిన ప్రొటీను. ఉల్లిలో ఒక ఎఫ్‌టీ జన్యువు గడ్డ ఊరేలా చేస్తుందనీ, మరొకటి దాన్ని అడ్డుకుంటుందనీ, ఇంకొకటి చలి తగిలాక పూకాడను తెస్తుందనీ న్యూజిలాండ్ శాస్త్రవేత్తలు 2013లో 'నేచర్ కమ్యూనికేషన్స్' పత్రికలో ప్రకటించారు. చిన్న పగళ్లలో అడ్డుకునే జన్యువుదే పైచేయి. పగలు పెరిగితే అది తగ్గుతుంది, గడ్డ తెచ్చే జన్యువు లేస్తుంది.

ఇక్కడ మాటల వల్ల వచ్చే గందరగోళం ఒకటి తొలగించుకోవాలి. మన దేశపు ఉల్లి రకాలను 'చిన్న పగటి రకాలు' అంటుంటారు. పగలు చిన్నదైతే గడ్డ ఊరుతుందని దాని అర్థం కాదు. ఏ ఉల్లికైనా పగలు పెరగడమే సంకేతం. మన రకాలకు హద్దు తక్కువ, సుమారు 11 నుంచి 12 గంటలు. చల్లటి దేశాల రకాలకు 14 గంటలు, అంతకన్నా ఎక్కువ.

ఇప్పుడు మూడు ఊళ్లను పక్కపక్కన పెట్టి చూడండి. లండన్‌లో డిసెంబరు పగలు 8 గంటలకు కాస్త తక్కువ, జూన్ పగలు పదహారున్నర గంటలకు పైనే. 21 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గరున్న రాయపూర్‌లో డిసెంబరు పగలు సుమారు 10 గంటల 50 నిమిషాలు, జూన్‌లో సుమారు 13 గంటల 25 నిమిషాలు. 11 డిగ్రీల దగ్గరున్న కోయంబత్తూరులో డిసెంబరు పగలే దాదాపు పదకొండున్నర గంటలు.

దీన్నిబట్టి రెండు సంగతులు తేలుతాయి. ఇంటర్నెట్‌లో ఆకర్షణీయమైన ప్యాకెట్లలో అమ్మే ఐరోపా రకాల విత్తనం రాయపూర్‌లో ఏ నెలలో వేసినా దానికి కావలసిన పగలు దొరకదు. ఆకు దొరుకుతుంది, గడ్డ దొరకదు. డబ్బు పెట్టేముందు ఆలోచించాల్సిన విషయం ఇది. రెండోది, తమిళనాడు రకాలు ఇక్కడ గడ్డ వేస్తాయి గానీ నిదానిస్తాయి. డిసెంబరులో అవి అలవాటు పడ్డ చోటి కంటే ఇక్కడ పగలు 40 నిమిషాలు తక్కువ, చలి ఎక్కువ. అక్కడ 65 రోజుల్లో వచ్చే రకం ఇక్కడ 80, 90 రోజులు తీసుకున్నా కంగారు పడనక్కరలేదు. జనవరి నెలాఖరుకు పగలు 11 గంటలు దాటి, మధ్యాహ్నపు వేడి పెరుగుతుంటే గడ్డలు వేగం అందుకుంటాయి. సంకేతం ఇచ్చేది పగలే అయినా, ఉష్ణోగ్రత ఆ పనిని తొందర చేస్తుంది.

మొక్కల దగ్గరితనం కూడా లెక్కలోకి వస్తుంది. ఆకులు ఎర్రటి కాంతిని పీల్చుకుని, దూరపు ఎరుపు కాంతిని వదిలేస్తాయి. ఒత్తుగా నాటిన మడిలో పక్క మొక్కల మీదుగా వచ్చే ఆ కాంతి ఎక్కువై, ఫైటోక్రోమ్ అనే వర్ణకం ద్వారా గడ్డ కాస్త ముందే మొదలవుతుంది. అలాగని మరీ ఇరికిస్తే గడ్డలు గోలీలంతే అవుతాయి.

మరి అక్టోబరే ఎందుకు?

గడ్డ జనవరిలో ఊరేటప్పుడు డిసెంబరులో నాటితే పోలేదా అన్న సందేహం సహజం. గడ్డ ఎంత అవుతుందనేది సంకేతం అందేసరికి మొక్కకు ఎన్ని ఆకులున్నాయనే దాని మీద ఆధారపడుతుంది. ఒక్కో పొర ఒక్కో ఆకు మొదలు కదా. అక్టోబరు మూడో వారం నుంచి నవంబరు మొదటి వారం లోపు నాటితే, పగళ్లు కుదించుకుపోయే రెండు నెలలూ ఆకులకూ వేళ్లకూ దక్కుతాయి. రాయపూర్ నవంబరులో పగలు 30 డిగ్రీలకు అటూ ఇటూ, రాత్రి 17 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది. ఉల్లి ఆకుకు ఇది మంచి వాతావరణం. ఆలస్యమైతే నాలుగైదు ఆకులతోనే గడ్డ మొదలవుతుంది, పైగా ఫిబ్రవరి వేడితో తామర పురుగులు వచ్చి పడతాయి. తమిళనాడులో చిన్న ఉల్లి నాటే రెండు కాలాల్లో అక్టోబరు, నవంబరు ఒకటి. రెండోది ఏప్రిల్, మే. ఆ రెండోదాన్ని రాయపూర్ ఎండలో మర్చిపోవడమే మంచిది.

మొక్క కాస్త ఎదిగాక వారాల తరబడి 10 డిగ్రీల దరిదాపుల్లో చలి తగిలితే ఉల్లి పూకాడ వేస్తుంది. రాయపూర్‌లో డిసెంబరు, జనవరి రాత్రులు సగటున 13 డిగ్రీల దగ్గర ఉంటాయి కాబట్టి ఈ బెడద కొద్దిగానే ఉంటుంది. ఉత్తరాన అంబికాపూర్ వైపు చలి బాగా ఎక్కువ, అక్కడ కాడలు ఎక్కువ రావచ్చు. కనిపించిన కాడను మొగ్గలోనే తుంచి కూరలో వేసుకోవచ్చు.

నేల, మడి

రాయపూర్ చుట్టుపక్కల రైతులు నేలను నాలుగు పేర్లతో పిలుస్తారు. గులకతో నిండిన ఎర్రటి మెట్ట నేల భాఠా. ఇసుక కలిసిన పసుపు ఛాయ నేల మటాసీ. దానికీ నల్లరేగడికీ మధ్యస్థంగా ఉండేది డోర్సా. అచ్చమైన నల్లరేగడి కన్హార్. వరికి కన్హార్, డోర్సా నేలలు నీరు పట్టి ఉంచడం వరం. చిన్న ఉల్లికి అదే శాపం. వానాకాలం అయిపోయాక కూడా కన్హార్ నేల లోపల ముద్దగానే ఉంటుంది. అందులో గుచ్చిన గడ్డకు గాలి అందదు, ఫ్యుజేరియం శిలీంధ్రం మొదలును పట్టి కుళ్లబెడుతుంది. మొలకకు ముందే గడ్డలు పోవడానికి ముఖ్య కారణం ఇది.

వీలైతే మటాసీ నేల ఎంచుకోండి. కన్హారే ఉంటే మడిని 20 సెంటీమీటర్లు ఎత్తు చేయండి. బంకమట్టిని గుల్ల చేద్దామని నాలుగు తట్టల ఇసుక పోయడం కొందరికి అలవాటు. కొద్దిపాటి ఇసుక బంకమట్టిలో కలిస్తే ఇంకా గట్టిపడుతుంది. గుల్ల చేసేది మాగిన పశువుల ఎరువే. చదరపు మీటరుకు రెండున్నర కిలోలు వేసి పై జానెడు మట్టిలో కలపాలి. ఇక్కడి పల్లెల్లో పెంటగుంతను 'ఘురువా' అంటారు. అందులో ఏడాది మాగిన ఎరువు దొరికితే అంతకన్నా కావలసింది లేదు. పచ్చి పేడ మాత్రం వద్దు.

ధాన్యం మిల్లుల ఊరు కనుక ఊక బూడిద సులభంగా దొరుకుతుంది. పొటాష్ కోసం మడికి రెండు గుప్పిళ్లు చల్లొచ్చు. కానీ బూడిద క్షారం. యూరియాతో కలిపి వేస్తే నత్రజని అమ్మోనియా వాయువై ఎగిరిపోతుంది. రెండింటికీ మధ్య పది రోజులైనా ఎడం ఉండాలి. యూరియా వాడేవారికి చదరపు మీటరుకు మొత్తం 13 గ్రాములు చాలు: సగం నాటేటప్పుడు, సగం నెల రోజులకు. ఆ తర్వాత నత్రజని ఇస్తే ఆకు ముదరదు, మెడ లావుగా ఉండిపోతుంది, లావు మెడ గడ్డ నిల్వలో మొదట కుళ్లుతుంది. ఉల్లి ఘాటుకు గంధకం కావాలి. కోసినప్పుడు కళ్లు మండించే వాయువులోనూ గంధకం ఉంటుంది. గంధకం తక్కువైన నేలలో పండిన ఉల్లి చప్పగా ఉంటుంది. సేంద్రియ ఎరువు బాగా పడే పెరటి మట్టిలో ఈ లోటు సాధారణంగా రాదు.

నాటడం

తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం కోయంబత్తూరు నుంచి 'కో' పేరుతో చిన్న ఉల్లి రకాలు విడుదల చేసింది. 'కో 4' గడ్డలతో నాటే రకం. 'కో 5' గింజ కూడా కడుతుంది కనుక నారు పోసి పెంచవచ్చు. రాయపూర్‌లో ఇందిరా గాంధీ కృషి విశ్వవిద్యాలయం, కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నాయి. మంచి విత్తనం ఎక్కడ దొరుకుతుందో అక్కడ అడగడం బజారు సంచి మీద ఆధారపడటం కంటే మేలు. బజారు గడ్డే గతి అయితే గట్టివి, మచ్చల్లేనివి, మొలక కొన కొద్దిగా కనిపిస్తున్నవి ఏరుకోండి.

మొలక సంగతి ప్రత్యేకంగా చెప్పడానికి కారణం ఉంది. తవ్విన గడ్డ కొన్ని వారాలు నిద్రలో ఉంటుంది. ఆ నిద్ర తీరకుండా నాటితే తడి మట్టిలో ఊరికే పడి ఉండి కుళ్లుతుంది. కొత్తగా వచ్చిన, మెడ ఇంకా పచ్చిగా ఉన్న గడ్డ చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, విత్తనానికి పనికిరాదు.

గుత్తులు విడదీసి, వదులుగా ఉన్న పై తొక్క తీసేయాలి. కిలో గడ్డలకు 5 గ్రాముల ట్రైకోడెర్మా పొడి పట్టిస్తే మొదలు కుళ్లు తగ్గుతుంది. వరుసల మధ్య 15, గడ్డల మధ్య 10 సెంటీమీటర్లు ఉంచి, వేళ్ల వైపు కిందికి పెట్టి, కొన మట్టి పైకి కనిపించేలా గుచ్చాలి. పూర్తిగా పూడ్చితే మెడ దగ్గర తడి నిలుస్తుంది. మొదటి వారంలో పిట్టలు కొనలు పట్టి లాగేస్తుంటాయి, పైన పాత దోమతెర పరిస్తే సరి.

రెండు చదరపు మీటర్ల మడికి ఈ లెక్కన 130 గడ్డలు పడతాయి, బరువులో అర కిలోకు కాస్త ఎక్కువ. 'కో 4' దిగుబడి హెక్టారుకు 18 టన్నుల దాకా ఉంటుంది, అంటే చదరపు మీటరుకు 1.8 కిలోలు. పెరట్లో దానిలో సగం వచ్చినా మడి మీద రెండు కిలోల దరిదాపు. రోజుకు ఆరు గంటల ఎండ తగలని మడిలో ఈ ఆశ పెట్టుకోవద్దు. కుండీల్లో వేసేవారు జానెడు లోతు, అడుగున రంధ్రాలు చూసుకుంటే చాలు.

నీరు, కలుపు, పురుగు

ఉల్లి వేళ్లు దారాల్లా ఉంటాయి. పెద్దగా కొమ్మలు వేయవు, వాటికి నూగు వేళ్లు చాలా తక్కువ, ఎక్కువ భాగం పై జానెడు మట్టిలోనే ఉంటాయి. లోతు నీటిని ఈ మొక్క తోడుకోలేదు. నాటిన రోజు ఒకసారి, మూడో రోజు ఒకసారి, ఆపైన వారానికోసారి తడపాలి. భాఠా నేలలో నాలుగైదు రోజులకే ఆరిపోతుంది, కన్హార్‌లో పది రోజులు ఆగొచ్చు. వేలు రెండు కణుపుల లోతు గుచ్చి చూడటం కంటే మంచి పరికరం ఏదీ లేదు.

గొట్టాల్లాంటి ఆ నిలువు ఆకులు నేలకు నీడ ఇవ్వవు. అందుకే కలుపు మొక్కలకు ఉల్లి మడి అంటే ఖాళీ జాగాతో సమానం. మొదటి 40 రోజులు కలుపు తీయడంలో అశ్రద్ధ చేస్తే దాన్ని ఎరువుతో పూడ్చుకోలేం. లోతుగా తవ్వితే వేళ్లు తెగుతాయి, బొరిగెతో పైపైన గీకాలి. నవంబరు చివరికి వరి కోతలై ఎండుగడ్డి వస్తుంది. ఇక్కడ దాన్ని 'పైరా' అంటారు. రెండు అంగుళాలు మించకుండా వరుసల మధ్య పరిస్తే కలుపు అణుగుతుంది, తేమ నిలుస్తుంది, తామర పురుగులు కూడా కొంత తగ్గుతాయి. గడ్డలు ఊరుతున్నప్పుడు గడ్డిని పక్కకు లాగేయాలి.

తామర పురుగులు మిల్లీమీటరు పొడవుంటాయి. లోపలి లేత ఆకుల సందుల్లో దాక్కుని గీరి రసం పీలుస్తాయి. ఆకు మీద వెండి గీతలు కనిపిస్తే మధ్య ఆకులు విప్పి చూడండి. పెరటి స్థాయిలో ఉదయం పూట నీటి జల్లుతో సందులు కడగడం, నీలిరంగు జిగురు అట్టలు, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె సబ్బు కలిపి కొట్టడం సాధారణంగా సరిపోతాయి. ఈ గాయాల మీదే ఊదా మచ్చ తెగులు అడుగుపెడుతుంది. మధ్యలో ఊదా, చుట్టూ పసుపు అంచుతో కోలగా సాగే మచ్చలు దాని గుర్తు. ఆ శిలీంధ్రానికి ఆకు గంటల తరబడి తడిగా ఉండాలి. కాబట్టి సాయంత్రం ఆకుల మీద నీళ్లు పోయకూడదు. బంగాళాఖాతం తుపానులు మాత్రం మన చేతిలో లేవు. 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర తీరం దాటిన హుద్‌హుద్, బలహీనపడుతూ ఛత్తీస్‌గఢ్ మీదుగానే ఉత్తరానికి పోయింది. అక్టోబరులో తీరానికి వాయుగుండం కబురు ఉంటే నాటడం వారం వాయిదా వేయడం ఉత్తమం.

తవ్వకం, ఆపైన ఎనిమిది నెలలు

మెడ మెత్తబడి సగానికి పైగా ఆకులు వాలిపోయాయంటే పంట తయారైనట్టే. రాయపూర్‌లో జనవరి చివరి నుంచి ఫిబ్రవరి మధ్య వరకు ఈ దశ వస్తుంది. దానికి పది పన్నెండు రోజుల ముందే నీరు ఆపాలి. గుత్తిని ఆకులతో సహా పెకలించి, నీడలో గాలి ఆడే చోట వారం రోజులు పరవండి. ఆకులోని సారం గడ్డలోకి దిగుతుంది, మెడ ఎండి మూసుకుపోతుంది, పై పొర పల్చటి కాగితంలా మారుతుంది. ఎండలో ఆరబెడితే పొరలు ఉడికినట్టవుతాయి.

ఆ ఎర్రటి తొక్క అలంకారానికి కాదు. రంగు తొక్క ఉన్న ఉల్లి కొన్ని శిలీంధ్రాలను తట్టుకుంటుందనీ, తెల్ల ఉల్లి తట్టుకోలేదనీ గమనించి, ఆ రక్షణ తొక్కలోని కాటెకాల్, ప్రొటోకాటెక్యూయిక్ ఆమ్లాల వల్లనని అమెరికాలోని విస్కాన్సిన్‌లో వాకర్, ఆయన సహచరులు దాదాపు వందేళ్ల కిందట తేల్చారు. మొక్కలు రోగాన్ని రసాయనాలతో ఎదుర్కొంటాయని చూపిన తొలి ఉదాహరణల్లో ఇదొకటి. నిల్వ చేసేటప్పుడు తొక్క ఊడకుండా చూసుకోవాలనడం అందుకే.

తినడానికి దాచడం కష్టం కాదు. విత్తనం దాచడమే రాయపూర్‌లో అసలు పరీక్ష. తమిళనాడు రైతుకు ఏడాదిలో రెండు కాలాలు ఉన్నాయి, ఒక పంట గడ్డ కొద్ది నెలల్లోనే తర్వాతి పంటకు విత్తనం అవుతుంది. ఇక్కడ ఫిబ్రవరిలో తవ్విన గడ్డ అక్టోబరు దాకా ఆగాలి. మధ్యలో మే ఎండ, జులై ముసురు. ఎండ కంటే ముసురే ప్రమాదం. 25, 30 డిగ్రీల మధ్య పొడి గాలిలో ఉల్లి నిద్ర ఎక్కువ కాలం ఉంటుంది. దాదాపు సున్నా డిగ్రీల చలిలోనూ ఉంటుంది. ఈ రెండింటి మధ్య, 10 నుంచి 20 డిగ్రీల దగ్గర, మొలక త్వరగా లేస్తుంది. కనుక ఫ్రిజ్‌లో కూరగాయల అర విత్తన ఉల్లికి తగిన చోటు కాదు. తీసీ పెట్టీ చేసేసరికి తేమ పట్టి బూజొస్తుంది.

విత్తనానికి వేరుగా తీసినవాటికి ఆకులు కోయకుండా, పది పన్నెండు గుత్తులు కలిపి జడ అల్లి, వంటింటి పొగ లేదా ఫ్యాను గాలి తగిలే చోట వేలాడదీయడం పాత పద్ధతే గానీ బాగా పనిచేస్తుంది. జాలి సంచి, వెదురు బుట్ట కూడా మంచివే, రెండు పొరలకు మించి పోయకపోతే. నెలకోసారి తడిమి మెత్తబడ్డవి తీసేయాలి. వచ్చే ఏడాదికి 130 గడ్డలు కావాలంటే, సగం పోతాయనుకుని 260 పక్కన పెట్టుకోవాలి. మడిలో ఆరు వందల దాకా వస్తాయి కాబట్టి అది భారం కాదు. జులైలోనే మొలకెత్తిపోయినవాటిని పారేయకండి. చూరు కింద, వాన నేరుగా పడని కుండీలో గుచ్చితే ఉల్లికాడలు కోసుకోవచ్చు.

ఒక జాగ్రత్త ఉంది. గడ్డ నుంచి గడ్డగా సాగే పంటలో వైరస్‌లు తరం నుంచి తరానికి దిగుతాయి. పసుపు చారలతో ముడుచుకుని పొట్టిగా ఉన్న మొక్కలు డిసెంబరులో కనిపిస్తే, వాటికి అప్పుడే దారం కట్టి గుర్తు పెట్టుకోండి. ఆకులు ఎండాక తేడా తెలియదు. ఆ గుత్తులు వంటకే, విత్తనానికి కాదు. వేసవిలో అన్నిటికంటే ఎక్కువ కాలం గట్టిగా ఉన్న గుత్తుల నుంచే ఏటా విత్తనం తీసుకుంటూ పోతే నిల్వ గుణం కూడా కొంత కొంత ఎంపికవుతుంది, అవి వేర్వేరు రకాల మిశ్రమం అయి ఉంటే.

సెప్టెంబరు చివర్లో ఒక గడ్డను తీసి నిలువునా కోయండి. లోపల మధ్యలో పచ్చటి మొలక కనిపిస్తుంది. అది ఇంకా అడుగునే చిన్నగా ఉంటే మిగతావాటిని మరికొన్నాళ్లు వేలాడనివ్వండి. గడ్డ ఎత్తులో సగం దాటి పైకి సాగితే నిద్ర తీరినట్టు. అప్పుడు మడి కట్టడం మొదలుపెట్టొచ్చు.